దేవుని బండికి మేలు రకం గ్రీజు

1961 సెప్టెంబరు 12, మంగళవారం

పొద్దున బస్సుకు నెల్లూరు పోయి వచ్చాను. మిషన్ ఆస్పత్రి మోటారు సైకిలు నా రిపేరు షెడ్డులో విప్పి పెట్టి ఉంది. ముందు స్ప్రింగు ఫోర్కు కీళ్ళు, హ్యాండిలు కింద తిరిగే గుండ్లు, వాటి కప్పులు, అన్నీ కిరసనాయిల్లో కడిగి గోనె మీద ఆరబెట్టాను. యుద్ధంలో పటాలం వాళ్ళు తొక్కి తొక్కి వేలం వేసిన బండే గాని, ఇనుము మాత్రం గట్టిది.

గ్రీజు కోసం మీరా మొహిద్దీన్ అంగడికి పోతే ఆయన ఎప్పటిలాగే పాఠం మొదలుపెట్టాడు.

"ఏ బండికి హెబ్రోనూ?"

"ఆస్పత్రి బండికి."

"ఆ సమాధానం అనే కంపౌండరు ఎక్కేదే గదా? వారానికి నాలుగు తూర్లు ఉప్పుటేరు నీళ్ళలో దిగి లేచే బండి. దానికి సున్నం గ్రీజు పెట్టు" అని, ఎద్దుబండ్లవాళ్ళు ఇరుసులకు కొనుక్కుపోయే డబ్బాల పక్కనుంచి పసుపుపచ్చ గ్రీజు తీసి చూపించాడు.

నాకు ఒళ్ళు మండింది. పేదాసాదలకు మందులు మోసే బండికి ఎద్దుబండి సరుకా? లారీ చక్రాలకు వేసే నార గ్రీజు ఉందా అని అడిగాను.

"ఉండాది. సోడాది. ఎంత వేడికీ కారదు, నిజమే. నీళ్ళు తగిలితే మాత్రం నిలవదు. చెప్తా ఉండా, తర్వాత నన్ననొద్దు."

"నువ్వు అమ్మే మనిషివి, బిగించేది నేను" అన్నాను. ఆయన నవ్వి డబ్బా ఇచ్చాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా క్రైస్తవ సంఘంలో వడ్లయితే మొదటి కుప్పలోంచి, కూరగాయలైతే మొదటి కోతలోంచి దేవునికి తెస్తారు. అందులోనూ ఏరి మేలైనవే తేవాలి. తాలు వడ్లు తెచ్చినవాణ్ణి మొహం మీదే అడిగేస్తారు. పోయినేడు ఒకాయన పుచ్చు వంకాయలు తెస్తే సంఘపెద్దగా అడిగింది నేనే. మరి నాకు పొలమా, పుట్రా? నా చేతిపనే నా పంట. అంగట్లో అన్నిటికంటే మేలు రకం గ్రీజు తెచ్చాను. కూలి కూడా తీసుకోను.

సెప్టెంబరు 13

బిగించాను. హ్యాండిలు వేలితో తోస్తే తిరుగుతోంది. ఫోర్కు నొక్కితే మెత్తగా దిగి లేస్తోంది.

మగ్దలీనమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "కట్టుకున్న దానికి పెరుగన్నం, బండికి నెయ్యన్నం" అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. సమాధానం వచ్చి బండెక్కి ఒక చుట్టు తిరిగి వచ్చి, "అన్నా, కొత్త బండి మాదిరి ఉండాది" అన్నాడు. మనిషి మంచివాడు. గొప్పలు పోడు. ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు ప్రార్థనలో నా పేరెత్తి, నా కానుక గురించి చెప్పారు. సంతోషమైంది. ఎందుకు కాకూడదు?

(ఆదివారం సంగతి తర్వాత కలిపి రాశాను.)

అక్టోబరు 17, మంగళవారం

వారం నుంచి ఒకటే వాన. ముత్తుకూరు రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు. షెడ్డు కప్పు కారుతోంది.

సాయంత్రం సమాధానం బండి ఆపి, ఇంజను ఆర్పకుండానే, "హ్యాండిలు రవ్వ పట్టేసినట్టు ఉండాదన్నా. ముందు స్ప్రింగు కూడా ఎగరడం లా. గుంట గుంటా నడుముకు తెలస్తాంది" అన్నాడు.

నేను బస్సు కింద పడుకుని ఉన్నాను. లేవకుండానే చెప్పాను. "మేలు రకం గ్రీజు గదయ్యా, బిగువుగానే ఉంటది. తిరిగేకొద్దీ వదులవుతుంది."

"నువ్వు చెప్తే సరే" అని వెళ్ళిపోయాడు.

అక్టోబరు 24, మంగళవారం

సమాధానం పడిపోయాడు. ఉప్పు మడుల కట్ట మీద, పడమటి మలుపు దగ్గర. కుడి కాలు మోకాలి కింద విరిగింది. చేపలు పట్టే చిన్నపోలయ్య అనే పల్లెకారి, ఇంకో ఇద్దరూ తలుపు చెక్క మీద మోసుకొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. బండిని ఎద్దుబండి మీద వేసి నా దగ్గరికి తెచ్చారు.

చిన్నపోలయ్య నాతో అన్న మాటలు: "నేను కళ్ళారా చూసినా. మలుపొచ్చింది, బండి తిరగలా. నేరుగా పోయి మడిలో పడింది. పోయి ఎత్తితే గుప్పున సారా కంపు. చొక్కా అంతా సారాయే."

దెబ్బలకు పెట్టే స్పిరిటు సీసా సంచిలో ఉంటుంది, అది పగిలి ఉంటుంది అన్నాను. "ఏమో సామీ, నా ముక్కుకు తెలిసింది నేను చెప్తా ఉండా" అన్నాడు. అబద్ధమాడే మనిషిలా లేడు.

ఆ కట్ట మీద గుంటలున్నాయి. వానలకు ఇంకా తెగి ఉంటుంది. నేను ఎప్పటినుంచో అనుకుంటున్నదే.

అక్టోబరు 25

హ్యాండిలు విప్పాను.

అక్టోబరు 26

నిన్న రాయలేకపోయాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు, రాస్తే ఏం?

కప్పులో గ్రీజు లేదు. తెల్లటి గంజిలాంటిది కారింది. గుండ్లు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, కొన్నిటికి గుంటలు పడ్డాయి. ఫోర్కు కీళ్ళలోనూ అంతే. ఒక కీలు సుత్తితో కొడితే గాని ఊడలేదు.

అయినా ఆ కట్ట మీద గుంట ఉంది. వానకు కట్ట జారుడుగా ఉంటుంది. ఏడేళ్ళుగా తొక్కుతున్న మనిషి, హ్యాండిలు బిగువైందని తెలిసినవాడు, మెల్లగా పోవద్దూ?

అంతా కడిగేశాను. కొత్త గుండ్లు వేశాను. పసుపు గ్రీజు కొంచెం షెడ్డులోనే ఉంది, అది పెట్టి బిగించాను. పాత గుండ్లు ఏట్లో పారేశాను. బండి బాగుంది. బండిలో తప్పేమీ లేదు.

అక్టోబరు 29, ఆదివారం

గుడి బయట ఇదే మాట. కంపౌండరు ఆస్పత్రి స్పిరిటు నీళ్ళలో కలుపుకుని తాగుతాడంట. మద్యనిషేధం వచ్చాక ఎంతమంది కంపౌండర్లు ఆ పని చేసి పట్టుబడలేదు అని ఒకరు. వాడి కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి అని ఇంకొకరు. సమాధానం కళ్ళు ఎర్రగా ఉండేది ఉప్పుగాలికి. నా కళ్ళూ ఎర్రగానే ఉంటాయి.

నేను చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను.

నవంబరు 5, ఆదివారం

నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే దినం. రొట్టె తీసుకున్నాను. రుచి తెలియలేదు. జలుబు చేసినట్టుంది.

నవంబరు 11, శనివారం

ఈ రోజు సంగతి రాయాలి.

అయ్యగారు నన్నూ, పెద్ద మేస్టరు సంజీవరావు గారినీ సమాధానం దగ్గరికి పంపారు. సంఘపెద్దలం మేమిద్దరం. విషయం తేల్చుకుని రమ్మన్నారు. ఆస్పత్రి నడిపే దొరసాని కూడా సంఘం మాట కోసమే చూస్తోందట. తాగుబోతని తేలితే ఉద్యోగం ఉండదు.

ఆస్పత్రిలో మంచం మీద కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. భార్య ఎలిశబెతు తల దగ్గర నిలబడింది. సంజీవరావు గారు స్టూలు మీద కూర్చుని బడిలో పిల్లల్ని అడిగినట్టు అడిగారు. "నిజం చెప్పు నాయనా. ఒప్పుకుంటే మూడు నెలలు బల్ల నుంచి ఆపుతాం. తర్వాత అందరితోపాటే. దొరసానికీ మేము చెప్తాం, పశ్చాత్తాపపడినాడని. ఒప్పుకోకపోతే ఎన్నాళ్ళని చెప్పలేం."

"నేను తాగలా మేస్టరు గారూ. సీసా పగిలింది. హ్యాండిలు తిరగలా."

సంజీవరావు గారు నావైపు తిరిగారు. ఆయనకంటే ముందే సమాధానమే నన్ను అడిగాడు. "అన్నా, బండి నువ్వే గదా విప్పినావు. ఏమన్నా కనబడిందా?"

ఎలిశబెతు కూడా నన్నే చూస్తోంది.

"బండిలో తప్పేమీ లేదు" అన్నాను.

సమాధానం గోడవైపు తల తిప్పుకున్నాడు.

నవంబరు 12

నేను చెప్పింది అబద్ధం కాదు. నిన్న బండిలో తప్పేమీ లేదు. నిన్న షెడ్డుకు వచ్చి ఎవరు చూసినా తప్పు కనబడేది కాదు.

నవంబరు 20

పని లేదు. ఊరికే కూర్చున్నాను.

నవంబరు 26, ఆదివారం

సమాధానం కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. కాలు కొంచెం కురచైందట. వచ్చే ఆదివారం గుడికి వస్తాడట. ఒప్పుకుంటాడట.

ఒప్పుకుంటాడంటే, తాగి ఉంటాడేమో. ఏమో. రవ్వంత తాగి ఉంటే? మనిషి లోపల ఏముందో మనకేం తెలుసు? ఒకవేళ రెండూ జరిగి ఉంటే, హ్యాండిలూ పట్టేసి, తనూ తాగి ఉంటే, అప్పుడు నా వంతు ఎంత?

ఛీ. ఏం రాస్తున్నాను నేను.

డిసెంబరు 3, ఆదివారం

బల్లకు ముందు అయ్యగారు పిలిచారు. సమాధానం చాపల మధ్యలో కర్ర ఊనుకుంటూ ముందుకు వచ్చాడు. మోకరించలేడు గనక నిలబడే చెప్పాడు.

"ఆ దినం నేను ఆస్పత్రి స్పిరిటు తాగినా. తాగి బండెక్కినా. దేవుని ఎదట, సంఘం ఎదట ఒప్పుకుంటా ఉండా. నన్ను క్షమించండి."

ఎలిశబెతు ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ కూతురు తండ్రి వైపు కాకుండా నేల చూస్తోంది.

"క్షమించేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు అయ్యగారు. మా సంఘంలో మొదట పెద్దలు ఎత్తాలి, పెద్దలెత్తితే గాని తక్కినవాళ్ళు ఎత్తరు. సంజీవరావు గారు ఎత్తారు. అందరూ నా కోసం చూస్తున్నారు.

ఎత్తాను. అతను చేయని తప్పుకు నేను అతన్ని క్షమించాను.

అతను నా చేతినే చూశాడు. కిందికి దించేదాకా చూశాడు.

డిసెంబరు 6

ఉప్పుటేట్లోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి రెండు గాజు గ్లాసుల్లో పోశాను. ఒకదాన్లో గోళీ అంత సోడా గ్రీజు, ఇంకోదాన్లో అంతే పసుపు గ్రీజు వేశాను. పుల్లతో కలిపి అటక మీద పెట్టాను. మొహిద్దీన్ మాట తప్పయినా కావచ్చు కదా. అంగడివాళ్ళు వంద చెప్తారు. తుప్పుకు వేరే కారణం ఉండవచ్చు.

డిసెంబరు 7

పసుపు గ్రీజు గోళీ గోళీలాగే ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. సోడా గ్రీజు గ్లాసు మాత్రం పాలే.

మగ్దలీనమ్మ చూసి, "ఇదేందయ్యా, షెడ్డులో పాలెందుకు?" అంది. ఎన్నాళ్ళనుంచి నోట్లో పెట్టుకున్నానో అంతా చెప్పేశాను. గ్రీజు, మొహిద్దీన్, గుండ్లు, మంచం దగ్గర నేనన్న మాట, అన్నీ. నన్ను ఓదారుస్తుందనుకున్నాను కాబోలు.

ఆమె విని గ్లాసు కింద పెట్టింది. "నాకెందుకు చెప్తావు? కాలిరిగింది నాకు కాదే" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

డిసెంబరు 10, ఆదివారం

గుడి అయ్యాక సమాధానం ఇంటికి పోయాను. వాకిట్లో కుక్కిమంచం మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. ఎలిశబెతు ఇంట్లో లేదు. నేను నిలబడే చెప్పాను. కూర్చోమని అతను అనలేదు.

"తెలుసన్నా" అన్నాడు.

"తెలుసా?"

"హ్యాండిలు పట్టుకున్నోడిని నేను. నాకు తెలియదా? నువ్వు చెప్తావని చూసినా. ఆ శనివారం అడిగినా గూడా. నువ్వు చెప్పలా. సరే, నా ఖర్మ అనుకుంటి."

"మరి తాగినానని ఎందుకు ఒప్పుకున్నావయ్యా?"

"నువ్వు బండి బాగుందంటివి. ఇంక నా మాట వినేదెవరు? ఉద్యోగం పోతే వీళ్ళనేం పెట్టి సాకేది? ఒప్పుకుంటే ఉంచుతామంటిరి. ఒప్పుకున్నా."

వచ్చే ఆదివారం గుడిలో నిలబడి అంతా చెప్పేస్తానన్నాను. అతను నూనె గిన్నె పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"వద్దు. తాగినందుకు మూడు నెలలు వేసినారు. దేవుని గుడిలో అబద్ధం చెప్పినానని తేలితే ఎన్ని నెలలేస్తారు? ఇంక దొరసాని నమ్ముతాదా నన్ను? నీకు బరువు దిగతాది, నా నెత్తికెక్కతాది. నోరు మూసుకోని ఉండన్నా, నీకు దండం పెడతా."

డిసెంబరు 11

అతనే వద్దన్నాడు. నేను చెప్పబోయాను, అతనే వద్దన్నాడు. దండం పెట్టి వద్దన్నాడు. ఇక నేనేం చేసేది?

ఈ రోజు బాగా పనిచేశాను. రెండు బండ్లు పంపించాను. అన్నం రుచిగా ఉంది.

డిసెంబరు 12

అతనే వద్దన్నాడు.

డిసెంబరు 16, శనివారం

ఎలిశబెతు షెడ్డుకు వచ్చింది. అక్కడున్న లారీ డ్రైవరు వెళ్ళేదాకా చూసి మాట్లాడింది.

"మా ఆయన నిన్ను చెప్పొద్దన్నాడంట గదన్నా."

"అవునమ్మా. నేను చెప్తాననే అన్నా."

"ఆయనకు భయం. నాకు లేదు. పడేదానికి ముందు దినం బండి తోసుకోనొచ్చి, 'హ్యాండిలు తిరగడం లేదే, హెబ్రోనన్న గ్రీజు బిగువన్నాడు' అని నాకే చెప్పినాడు. నాకు మొదట్నుంచీ తెలుసు. బడిలో నా బిడ్డను సారా కంపౌండరు కూతురని పిలస్తా ఉండారు. బావి దగ్గర నేను పోతే మాటలాపేస్తారు. మూడు నెలలైనాక బల్ల ఇస్తారు, ఆ పేరు తీసేస్తారా?"

నేను తల వంచుకున్నాను.

"ఆయనొద్దన్నాడని నీకు హాయిగా ఉండాది గదా?" అంది.

అంత సూటిగా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఉందమ్మా అన్నాను. నిజమే గనక అన్నాను. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగి వెళ్ళిపోయింది.

డిసెంబరు 17, ఆదివారం

అయ్యగారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. "స్నేహితుడి కోసం నింద నెత్తిన వేసుకుంటున్నావేమో హెబ్రోనూ" అన్నారు. నన్నంత మంచివాణ్ణి అనుకుంటున్నారు. కాదు అయ్యగారూ అని ఇంటికి పోయి ఆ రెండు గ్లాసులూ, మిగిలిన డబ్బా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఇంకో గ్లాసులో నీళ్ళు పోసి, ఆయన చేతే గ్రీజు వేయించి కలిపించాను. నీళ్ళు తెల్లబడుతుంటే ఆయన మొహం మారిపోయింది.

"క్రిస్మసు పండుగ పోనీ, తర్వాత గుడిలో చెబుదువు" అన్నారు చివరికి.

డిసెంబరు 25

పండుగ. అందరితోపాటు పాటలకు నిలబడ్డాను. పెదాలు మాత్రమే కదిలించాను.

డిసెంబరు 31, ఆదివారం

పొద్దుటి ఆరాధనలో నిలబడి చెప్పాను. చాలాసార్లు తల్లో రాసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. మేలు రకం అని నేను గర్వపడి కొన్న గ్రీజు సంగతి, సాయిబు వద్దని చెప్పిన సంగతి, తుప్పు గుండ్లు ఏట్లో పారేసిన సంగతి చెప్పాను. సమాధానం తాగలేదు, తాగినానని చెప్పేటట్టు చేసింది నేను అన్నాను. ఎవరో మూల నుంచి "అమ్మో" అన్నారు. సంజీవరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.

సమాధానం సగంలోనే లేచి కర్ర ఊనుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నావైపు చూడలేదు. ఎలిశబెతు కూతుర్ని దగ్గరికి లాక్కుని చివరిదాకా కూర్చుంది. తల ఎత్తే కూర్చుంది.

నాకు బరువు దిగలేదు. దిగుతుందనుకున్నాను. అతనిది మాత్రం పెరిగి ఉంటుంది.

1962 జనవరి 2

దొరసాని నన్ను పిలిపించి అడిగింది. చెప్పాను. సమాధానం ఉద్యోగం ఉంది. మందుల గదిలో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఇక బండెక్కలేడు.

జనవరి 4

పెద్దల సమావేశం. నేను పెద్దరికం వదులుకుంటానని ముందే చెప్పేశాను. సంజీవరావు గారు అన్నారు: "తాగలేదు, సరే. ఆ మాట కొట్టేస్తాం, గుడిలో అందరి ఎదటా చెప్తాం. కానీ దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పినాడు గదా, అది ఎట్లా వదిలేది?" నేను అరిచాను. అబద్ధం చెప్పించింది మనమే మేస్టారూ, మంచం దగ్గర స్టూలేసుకుని కూర్చుని మరీ చెప్పించాం అన్నాను. ఆయన ఎర్రబడ్డారు. అయినా వాళ్ళు అనుకున్నదే రాసుకున్నారు. నాకు మూడు నెలలు. సమాధానానికి ఇవాళ్టి నుంచి మళ్ళీ మూడు నెలలు.

చెప్పొద్దని అతను ఎందుకన్నాడో అక్షరాలా అట్లాగే జరిగింది.

జనవరి 7, ఆదివారం

బల్ల. మగ్దలీనమ్మ, "పోవా?" అంది. పోతానన్నాను. ఆపబడినవాళ్ళు వెనక గోడ దగ్గర చాప మీద కూర్చోవాలి. రొట్టె పళ్ళెం అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. సంఘపెద్దగా పళ్ళెం పట్టుకుని ఆ చాప దగ్గర ఎన్నిసార్లు వెనక్కి తిరిగానో లెక్క లేదు. ఒక్కసారైనా అక్కడ కూర్చున్నవాళ్ళ మొహాలు చూశానా అంటే చూడలేదు.

ముందు అయ్యగారు చదివారు, సమాధానం తాగలేదని. అందరూ విన్నారు. ఎలిశబెతు లేచి అందరికంటే ముందు పోయి రొట్టె తీసుకుంది.

నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. చాప మీద సమాధానం ఒక్కడే, కాలు చాపుకుని, కర్ర పక్కన అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. అతని పక్కకు ఏ మొహంతో పోను? బయటే నిలబడదామనుకున్నాను. పళ్ళెం పట్టుకున్నాయన మావైపు వచ్చి, చూడకుండా తిరిగిపోయాడు.

అప్పుడు సమాధానం నావైపు చూశాడు. నవ్వలేదు. "నెల రోజులు గడిచిపోయినాయి అనుకుంటే, మళ్ళా మొదటికి తెచ్చినావు గదన్నా" అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపు ఆగలేదు. గోడకేసి తిరిగి తుండుతో మొహం కప్పుకున్నాను.

వెనక కర్ర జరిపిన చప్పుడైంది. "కూర్చో. నిలబడి ఏడిస్తే అందరూ చూస్తారు" అన్నాడు.